యోయిచి: పళ్ళతోటల్లోంచి వచ్చిన విస్కీ, వైన్

(ఉద్యానశాఖలో పనిచేసి రిటైరైన ఒక అధికారి తెనాలిలో మిత్రుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాన్ కొంచెం తగ్గిస్తే బాగుంటుంది. ఆఁ, చాలు, చాలు.

ఈ నెల నేను విస్కీ, వైన్ తయారయ్యే ఊరి గురించి మాట్లాడతానని చెప్పగానే ఒకాయన ఫోన్ చేసి "శాంపిల్ ఏమైనా తెస్తున్నారా?" అని అడిగారు. తేలేదండీ. ఇంకొకరు "గ్రంథాలయం హాల్లో ఈ విషయం ఎందుకు?" అన్నారు. ఆ ప్రశ్న మాత్రం సరైనదే. ఈ హాల్లోనే, ముందు వరసలో, 1992లో సారా దుకాణాల ముందు బైఠాయించిన అక్కలు ఇద్దరున్నారు. ఆ సారా వ్యతిరేక ఉద్యమం నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైంది, రాష్ట్రమంతా పాకింది, 1995లో మద్యనిషేధం దాకా వెళ్ళింది. అక్కా, మీ ముందు నిలబడి మందుని పొగడటానికి నేను రాలేదు. నేను తోటల మనిషిని. ఆ ఊరికి వెళ్ళిందీ తోటలు చూడటానికే. ఆ ఊళ్ళో విస్కీ ఎందుకు పుట్టింది, వైన్ ఎందుకు పుట్టింది అని వెనక్కి తవ్వుకుంటూ పోతే చివరికి తేలేది పళ్ళే. ఆ సంగతి చెబుదామని వచ్చాను.

ఊరి పేరు యోయిచి. జపాన్‌లో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్న పెద్ద దీవి హొక్కైదో. దాని ముఖ్యపట్టణం సప్పోరో. మా అమ్మాయి, అల్లుడు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. సప్పోరో నుంచి పడమరగా సముద్రం పక్కనే వెళితే ముందు ఒతారు అనే రేవు పట్నం వస్తుంది. అది దాటి ఇంకో ఇరవై కిలోమీటర్లు పోతే యోయిచి. జనాభా ఎంతనుకుంటున్నారు? ఇరవై వేలు కూడా లేరు. మన దగ్గరైతే ఒక పెద్ద మేజర్ పంచాయతీ. ఒకవైపు సముద్రం, మూడువైపులా కొండలు, మధ్యలో ఒక ఏరు. ఆ సముద్రంలో దక్షిణం నుంచి ఒక వెచ్చటి ప్రవాహం వస్తుంది, త్సుషిమా ప్రవాహం అంటారు. దానివల్ల హొక్కైదోలో మిగతా చోట్ల కంటే ఈ మూల చలి కాస్త తక్కువ. కాస్తే! మంచు మాత్రం మనిషెత్తు పడుతుంది. ఆ కాస్త వెచ్చదనమే ఆ ఊరి ఆస్తి. ఆపిల్, పియర్, చెర్రీ, ద్రాక్ష, ఏది చూసినా హొక్కైదోలో యోయిచి పేరు ముందుంటుంది.

అయితే మొదట్నుంచీ ఇది పళ్ళ ఊరు కాదు. చేపల ఊరు. అంతకుముందు ఐనూల ఊరు. ఐనూలంటే ఆ దీవిలో జపనీయుల కంటే ముందునుంచీ ఉన్న ఆదివాసులు. వాళ్ళతో వ్యాపారం చేయడానికి జపాన్ వర్తకులు కట్టుకున్న కొట్లు ఒకప్పుడు ఆ తీరం పొడుగునా ఉండేవి. 1853లో తిరిగి కట్టిన ఒక కొట్టు యోయిచిలో ఇప్పటికీ నిలబడి ఉంది. ఆ రకం కట్టడాల్లో మిగిలింది అదొక్కటేనట. తర్వాత హెర్రింగ్ చేపలు. వసంతకాలంలో గుడ్లు పెట్టడానికి గుంపులు గుంపులుగా ఒడ్డుకొచ్చేవి. ఆ చేపల్ని ఉడకబెట్టి, నూనె పిండి, మిగిలిన పిప్పిని ఎరువుగా జపాన్ అంతటికీ పంపేవాళ్ళు. ఆ డబ్బుతో కట్టిన షావుకార్ల లోగిళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. 1950లకి వచ్చేసరికి చేప రావడం మానేసింది. ఆ లోగిళ్ళు మ్యూజియాలయ్యాయి.

మరి ఆపిల్ ఎవరు తెచ్చారు? ఇది వినండి. 1868లో జపాన్‌లో అంతర్యుద్ధం జరిగింది. చక్రవర్తి పక్షం గెలిచింది, షోగున్, అంటే అప్పటిదాకా దేశాన్ని ఏలిన సేనాధిపతి, ఆయన పక్షాన నిలబడ్డ ఐజు సంస్థానం ఓడిపోయింది. ఓడిపోయిన సమురాయ్‌లని ఏం చేయాలి? కొన్ని వందల మందిని, కుటుంబాలతో సహా, ఈ చలిదేశానికి పంపించేశారు. 1871లో యోయిచి ఏటి ఒడ్డున దిగారు వాళ్ళు. కత్తి పట్టడం తప్ప నాగలి పట్టడం తెలియనివాళ్ళు. కొత్త ప్రభుత్వం అమెరికా నుంచి తెప్పించిన ఆపిల్ మొక్కల్ని 1875లో పంచింది. ఆ పండు ఎలా ఉంటుందో వాళ్ళెప్పుడూ చూడలేదు. 1879లో కాసింది. మన ఉద్యానశాఖ భాషలో చెప్పాలంటే, జపాన్ రైతుల పెరట్లో పాశ్చాత్య ఆపిల్ కాపుకొచ్చిన మొదటి చోట్లలో అదొకటి. ఓడిపోయిన సైనికులకి ప్రభుత్వం చేతిలో పెట్టిన మొక్క! నేను ఉద్యోగంలో ఉండగా ఎన్ని లక్షల మొక్కలు పంచానో. ఎన్ని బతికాయో మాత్రం అడక్కండి.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. పేరు మసతాకా తకెత్సురు. 1894లో హిరోషిమా దగ్గర తకెహారా అనే ఊళ్ళో పుట్టాడు. వాళ్ళది సాకే కాచే ఇల్లు. సాకే అంటే బియ్యంతో చేసే మద్యం. ఈయన ఒసాకాలో ఒక మద్యం కంపెనీలో చేరాడు. ఆ కాలంలో జపాన్‌లో విస్కీ పేరుతో అమ్మేది ఏమిటంటే, స్పిరిట్‌లో రంగు, వాసన కలిపిన సరుకు. అసలుది ఎలా చేస్తారో నేర్చుకుని రమ్మని కంపెనీ ఈయన్ని 1918లో స్కాట్లాండ్ పంపింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం పాఠాలు విన్నాడు. పాఠాలు వింటే సారా కాచడం వస్తుందా? రాదు కదా. అందుకని డిస్టిలరీల తలుపులు తట్టాడు. లాంగ్‌మోర్న్ అనే చోట కొద్దిరోజులు, తర్వాత క్యాంప్‌బెల్‌టౌన్ అనే ఊళ్ళో హేజిల్‌బర్న్ డిస్టిలరీలో కొన్ని నెలలు పనిచేశాడు. చూసిందంతా నోటు పుస్తకాల్లో బొమ్మలతో సహా రాసుకున్నాడు. విస్కీ కాచే రాగి బాన వంపు ఎంత, మొలకెత్తిన బార్లీని ఎలా ఆరబెట్టాలి, కూలివాళ్ళకి ఎంతిస్తారు, అన్నీ. జపాన్ విస్కీకంతా ఆ నోటు పుస్తకాలే బాలశిక్ష అనుకోండి.

అక్కడే పెళ్ళి కూడా అయింది. గ్లాస్గో దగ్గర కర్కిన్‌టిలాక్ అనే ఊరి డాక్టరుగారి అమ్మాయి జెస్సీ రొబర్టా కోవన్. అందరూ రీటా అంటారు. వాళ్ళింట్లో తమ్ముడికి జూడో నేర్పడానికి వెళ్ళి పరిచయమైంది. 1920 జనవరిలో రిజిస్టరు పెళ్ళి. రెండువైపులా పెద్దవాళ్ళకి ఇష్టం లేదు. ఆ ఏడాది చివర్లో ఇద్దరూ జపాన్ చేరారు. ఈలోపు పంపిన కంపెనీకి డబ్బులు కరువై, విస్కీ ఆలోచన మానుకుంది. అంత చదివొచ్చి ఏం లాభం? కొన్నాళ్ళు బడిపంతులు పని చేశాడు. రీటా ఇంగ్లీషు, పియానో నేర్పేది.

1923లో షింజిరో తొరీ అనే వ్యాపారి పిలిచాడు. ఆయన కంపెనీయే ఈనాటి సంతోరీ. క్యోటో, ఒసాకాల మధ్య యమజాకిలో జపాన్‌లో మొట్టమొదటి మాల్ట్ విస్కీ డిస్టిలరీని తకెత్సురు కట్టిపెట్టాడు. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. ఈయన మనసంతా హొక్కైదో మీద, స్కాట్లాండ్ లాంటి చలి ఉందని. తొరీగారేమో, కొనేవాళ్ళు ఒసాకాలో ఉంటే కొండల్లో ఎక్కడో కాచడమేమిటి అన్నాడు. వ్యాపారిగా ఆయన మాటా తప్పు కాదు. పదేళ్ళ ఒప్పందం అయిపోయాక 1934లో తకెత్సురు బయటికొచ్చి యోయిచి చేరాడు.

ఇక్కడ నన్ను కాస్త నిదానంగా చెప్పనివ్వండి, ఇదే నాకు ముఖ్యమైన చోటు. ఎందుకు యోయిచి? చల్లటి గాలి, తేమ ఉంది. మంచి నీటి ఏరు ఉంది. దగ్గర్లో బొగ్గు దొరుకుతుంది. ఇషికారి మైదానంలో పీట్ దొరుకుతుంది. పీట్ అంటే బురదనేలల్లో వేల ఏళ్ళు కుళ్ళి గట్టిపడ్డ గడ్డీగాదం. దాన్ని కాల్చి ఆ పొగతో బార్లీ ఆరబెడితే విస్కీకి పొగ వాసన వస్తుంది. ఇవన్నీ విస్కీ కారణాలు. పుస్తకాల్లో, టీవీల్లో చెప్పేవి ఇవే. కానీ ఇవాళ బార్లీ వేస్తే రేపు విస్కీ వస్తుందా? పీపాల్లో ఏళ్ళ తరబడి ఉండాలి. అన్నేళ్ళు జీతాలెలా ఇవ్వాలి? అప్పిచ్చినవాళ్ళకి ఏం చెప్పాలి? అందుకని ఆయన పెట్టిన కంపెనీ పేరేమిటో తెలుసా? 'మహా జపాన్ పండ్లరసం కంపెనీ'. అవునండీ, పండ్లరసం! ఐజు సమురాయ్‌ల ఊరి ఆపిల్స్ కొని, రసం తీసి, సీసాల్లో పోసి అమ్మి, ఆ డబ్బుతో విస్కీ కాద్దామని. ఆ కంపెనీ పేరుని పొట్టిగా చేస్తే వచ్చిందే 'నిక్కా'. ఈనాడు ప్రపంచంలో ఏ పెద్ద బార్‌లో ఆ సీసా కనిపించినా దాని మీద ఉన్నది ఆపిల్ రసం కంపెనీ పేరే.

రసం బాగా అమ్ముడుపోయిందా? పోలేదు. నీళ్ళు కలపని నూటికి నూరు శాతం రసం కాబట్టి ధర ఎక్కువ. పైగా పెక్టిన్ వల్ల మసకబారేది. పెక్టిన్ అంటే పండులో ఉండే జిగురు పదార్థం. మన జామపండు జెల్లీ గట్టిపడేది దానివల్లే. సీసాలో మబ్బు మబ్బుగా కనిపిస్తే జనం పాడైందనుకున్నారు, సరుకు తిరిగొచ్చేది. తయారుచేసే మనిషి ఆయన, రసం స్వచ్ఛంగా ఉండాలంటాడు. కొనేవాడికి తేటగా ఉండాలి. ఈ పేచీ పండ్ల పరిశ్రమలో ఇప్పటికీ ఉంది, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీవాళ్ళని అడగండి. ఎలాగో ఈడ్చుకొచ్చారు. 1936లో ఒక రాగి బాన పెట్టారు. ఒకటే! విస్కీకి రెండుసార్లు కాచాలి, మామూలుగా రెండు వేరువేరు బానలుంటాయి. డబ్బుల్లేక ఒకే బానలో రెండు కాపులూ కాచారు. ఆ బానని డిస్టిలరీ ఆవరణలోనే ఉంచారు, మేం చూశాం. 1940లో మొదటి నిక్కా విస్కీ మార్కెట్‌కి వచ్చింది. తర్వాత యుద్ధం ముదిరింది. నౌకాదళానికి సరఫరా చేసే ఫ్యాక్టరీ కాబట్టి బార్లీ దొరికింది, కంపెనీ బతికింది. యుద్ధమే కంపెనీని నిలబెట్టిందంటే వినడానికి బాగుండదు గానీ జరిగిందదే. అదే యుద్ధంలో రీటా శత్రుదేశపు ఆడది. జపాన్ పౌరసత్వం ఉన్నా పోలీసులు కన్నేసి ఉంచారు. ఒక ఇల్లు, రెండు అనుభవాలు.

సరే, ఇక మనం లోపలికి వెళదాం. స్టేషన్ దిగి నేరుగా నడిస్తే మూడు నిమిషాల్లో రాతిగేటు. లోపల రాతి కట్టడాలు, ఎర్ర కప్పులు. బార్లీ ఆరబెట్టే కొలిమికి గోపురంలాంటి కప్పు. ఆ కట్టడాల్లో చాలావాటిని జపాన్ ప్రభుత్వం ముఖ్య సాంస్కృతిక సంపదగా గుర్తించింది. గైడు వెంట తిరగాలంటే ముందే బుక్ చేసుకోవాలి, డబ్బు తీసుకోరు. వివరణ జపనీస్‌లో సాగింది, మా అమ్మాయి చెవిలో తెలుగులో చెప్పింది.

నన్ను కట్టిపడేసింది బానల గది. ప్రపంచంలో దాదాపు అందరూ ఇప్పుడు ఆవిరితో కాస్తారు. వాల్వు తిప్పితే చాలు, వేడి ఎక్కువా తక్కువా అదే చూసుకుంటుంది. యోయిచిలో ఇప్పటికీ బానల కింద రాక్షసి బొగ్గు. మనిషి పారతో వేయాలి. ఏడెనిమిది నిమిషాలకోసారి తలుపు తెరవడం, పారెడు బొగ్గు లోపలికి విసరడం, మంట చూడటం, తలుపు మూయడం. ఎందుకండీ ఈ తిప్పలు? బొగ్గు మంట మీద అడుగు బాగా కాలుతుంది, బానలో ఉన్నది కాస్త మాడు పడుతుంది. ఆ మాడు వాసన విస్కీకి ఒక బరువునిస్తుంది, ఆవిరితో అది రాదు. మరీ మాడితే మొత్తం పాడు. ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో పార పట్టినవాడికే తెలుసు. ఇంకో విచిత్రం, రాగిబానల మెడలకి వరిగడ్డితో పేనిన తాళ్ళు కట్టి, తెల్ల కాగితాలు వేలాడదీశారు. షింతో, అంటే జపాన్ సొంత మతం, ఆ ఆలయాల్లో కట్టే తాళ్ళు అవి. సాకే కాచే ఇళ్ళల్లో ఆచారం. స్కాట్లాండ్ బానకి తకెహారా ఇంటి తాడు. మనవాళ్ళు కొత్త మిషన్‌కి పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టరూ?

చివర్లో రుచి చూసే హాలు. మూడు గ్లాసులు: యోయిచి సింగిల్ మాల్ట్ (అంటే ఒక్క డిస్టిలరీలోనే మాల్ట్‌తో చేసిన విస్కీ) ఒకటి, ఇంకో విస్కీ ఒకటి, మూడోది ఆపిల్ వైన్. కారు నడిపేవాళ్ళకి, ఇరవై ఏళ్ళు నిండనివాళ్ళకి పోయరు, గట్టిగా అడుగుతారు. అక్కడ తాగి నడిపితే నడిపినవాడికే కాదు, తాగించినవాడికి, తెలిసీ పక్కన కూర్చున్నవాడికి కూడా శిక్ష. ఈ ఒక్క చట్టం మాత్రం మనం దిగుమతి చేసుకోవచ్చు, ఏమంటారు అక్కా? మా అల్లుడు కారు తెచ్చాడు కాబట్టి ఆయనకి ఆపిల్ రసం దక్కింది. మా ఆవిడకీ అదే. నన్నడిగితే విస్కీ కంటే ఆ రసమే బాగుంది. విస్కీ తెలిసినవాళ్ళు నన్ను క్షమించాలి. పొగ, ఉప్పుగాలి, ఎండిన పళ్ళు అని వాళ్ళు వర్ణిస్తారు. పొగ ఒక్కటి మాత్రం నాకూ తెలిసింది.

ఆ విస్కీ పేరు ఎలా పెరిగిందో రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. 2001లో ఒక బ్రిటిష్ విస్కీ పత్రిక పెట్టిన పోటీలో యోయిచి పదేళ్ళ విస్కీకి అన్నిటికన్నా పై స్థానం వచ్చింది. 2008లో, 1987లో కాచిన యోయిచి ప్రపంచపు ఉత్తమ సింగిల్ మాల్ట్ అనిపించుకుంది. 2014లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఈ దంపతుల కథ ఆధారంగా రోజూ పొద్దున వచ్చే సీరియల్ వేసింది. దాంతో దేశమంతా ఆ ఊరికి వరస కట్టింది. ఫలితం? పీపాలు ఖాళీ. పదేళ్ళ నాడు ఎంత కాచి దాచారో అంతే ఉంటుంది కదా. 2015లో, పీపాలో ఎన్నేళ్ళు ఉందో సీసా మీద వేసి అమ్మే యోయిచి రకాలన్నీ ఆపేశారు. పదేళ్ళ రకం మళ్ళీ కనిపించడానికి 2022 దాకా పట్టింది. తోటలవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. కొబ్బరి ధర పెరిగిందని ఈరోజు మొక్క నాటితే రేపు కాయ రాదు.

ఇంకొక మాట. జపాన్ విస్కీకి గిరాకీ పెరిగేసరికి, బయటి దేశాల నుంచి పీపాలు తెప్పించి, కలిపి, జపాన్ లేబుల్ అంటించిన సరుకు ఎక్కువైంది. చట్టంలో అడ్డు లేదు. అప్పుడు తయారీదారుల సంఘమే 2021లో నియమం పెట్టుకుంది: జపాన్ విస్కీ అనాలంటే జపాన్‌లోనే పులియబెట్టాలి, అక్కడే కాచాలి, కనీసం మూడేళ్ళు అక్కడే పీపాల్లో ఉంచాలి. 2024 ఏప్రిల్ నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యేదాంట్లో చాలాభాగం చెరకు మొలాసిస్ నుంచో, ధాన్యం నుంచో తీసిన స్పిరిట్‌తో చేసిందే. తకెత్సురు కుర్రాడిగా ఉన్నప్పటి జపాన్ పరిస్థితి గుర్తుకొస్తోందా? మన దగ్గర మంచి మాల్ట్ విస్కీలూ వస్తున్నాయి, కాదనను. మనం తాగేది మాత్రం ఎక్కువ అవి కావు. మనం అంటే మనం కాదులెండి, మన రాష్ట్రాలు.

ఇప్పుడు నా ఇష్టమైన భాగం, ద్రాక్ష. నిజానికి నేను దీనికోసమే వెళ్ళాను.

యుద్ధం తర్వాత దశాబ్దాల్లో ఆపిల్ ధర పడిపోయింది. జపాన్‌లో వేరేచోట్ల ఆపిల్ పెరిగింది, పోటీ ఎక్కువైంది. 1970, 80లలో యోయిచి రైతులు కొందరు ఆపిల్ చెట్లు తీసేసి వైన్ ద్రాక్ష వేశారు. చలికి తట్టుకునే జర్మన్, ఆస్ట్రియా రకాలు: కెర్నర్, మ్యూలర్ తుర్గావ్, జ్వైగెల్ట్. ఒతారులోనో ఇంకెక్కడో ఉన్న పెద్ద కంపెనీలతో ఒప్పందం. పండు ఇక్కడ, వైన్ అక్కడ. సీసా మీద యోయిచి పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. రైతుకి కిలోకి ఇంత అని వస్తుంది. నిలకడైన ధర కాబట్టి దానికీ సంతోషించారు. మూడు దశాబ్దాలు అలాగే నడిచింది.

ఇక్కడ ఆగి మీకు సాగు గురించి చెప్పాలి. హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలు చూసినవాళ్ళు ఎందరున్నారు? ఆ, ఆ వయసువాళ్ళే ఎత్తారు చేతులు. పందిరి మీద పాకించేవాళ్ళం. మన వేడికి ద్రాక్షకి నిద్ర ఉండదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఒక్క పంట తీస్తాం. యోయిచిలో తీగ సగం ఏడాది నిద్రే. నిద్ర మాట సరే, ఆ చలికి తీగ చచ్చిపోదా అని నా అనుమానం. అక్కడ ఏం చేస్తారంటే, మొక్క నాటేటప్పుడే ఏటవాలుగా నాటుతారు, కాండం ఒకవైపుకి ఒరిగి ఉండేలా. శరదృతువులో కోత అయిపోయాక కత్తిరించి, ద్రాక్ష తీగల్ని ఇనప తీగె కంచె మీంచి విప్పి నేలకి వంచేస్తారు. పైన మంచు పడుతుంది. మంచు కింద ఉష్ణోగ్రత సున్నా దగ్గరే ఉంటుంది. పైన గాలి మైనస్ పది, మైనస్ పదిహేను! మంచే దుప్పటి అన్నమాట. మంచు తక్కువ పడిన ఏడాది వాళ్ళకి భయం. ఏప్రిల్‌లో మంచు కరిగాక ఒక్కొక్క తీగనీ లేపి మళ్ళీ కంచెకి కడతారు. ఎకరాలకి ఎకరాలు, చేత్తో. నడుం పట్టేస్తుందండీ, చూస్తుంటేనే నాకు పట్టేసింది.

ఇంత కష్టం ఎందుకు? ఆ దీవిలో లాభం ఒకటుంది. జపాన్ మిగతా భాగమంతా జూన్, జూలైలో వానాకాలం, ముసురు. హొక్కైదోకి ఆ ముసురు రాదు. తుపాన్లూ తక్కువే. పినో న్వార్ అని ఒక ఫ్రెంచి రకం ఉంది, పలచటి తోలు, గుత్తి బిగుతు, తడి తగిలితే కుళ్ళు. తడి ఉన్నచోట అది బతకదు. దానికి యోయిచి సరిపోయింది. ముప్పై ఏళ్ళ కింద అక్కడ అది సరిగా పండేది కాదు, చలి ఎక్కువై. ఇప్పుడు పండుతోంది. భూమి వేడెక్కడం వల్ల. ఒకచోట నష్టం ఇంకోచోట పంట అవుతోంది. దాన్ని సంతోషించాలో లేదో నాకు తెలియదు.

2010లో తకాహికో సోగా అనే ఆయన యోయిచి కొండ మీద, నొబోరి అనే పేటలో, చిన్న తోట కొనుక్కుని పినో న్వార్ వేసి సొంత వైనరీ పెట్టాడు. నగానోలో వాళ్ళది వైన్ చేసే కుటుంబం, ఈయన తొచిగిలో ఒక వైనరీలో పదేళ్ళు పనిచేసి వచ్చాడు. తోట పెద్దది కాదు. గుత్తుల్ని కాడలతో సహా పులియబెడతాడు, బయటి ఈస్టు కలపడు. ఆయన వైన్ 'నానాత్సుమోరి'ని 2020లో డెన్మార్క్‌లో నోమా అనే, ప్రపంచమంతా పేరున్న హోటల్ తన జాబితాలో పెట్టింది. ఇప్పుడు ఆ సీసా జపాన్‌లోనే దొరకదు. నాకూ దొరకలేదు, దొరికినా కొనే ధర కాదు.

అయితే అసలు తలుపు తీసింది ఎవరంటే, నా దృష్టిలో ఒక సర్కారు కాగితం. నవ్వకండి, నేను సర్కారు మనిషినే. జపాన్ మద్యం పన్ను చట్టం ప్రకారం పండ్ల వైన్ లైసెన్సు కావాలంటే ఏడాదికి కనీసం 6,000 లీటర్లు చేయాలి. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు 8,000. చిన్న రైతు ఎక్కడ చేస్తాడు? 2011లో యోయిచిని వైన్ ప్రత్యేక మండలంగా ప్రకటించారు, హొక్కైదోలో అదే మొదటిది. ఆ మండలంలో, ఆ ఊరి పళ్ళతోనే చేస్తే, 2,000 లీటర్లు చాలు. దాదాపు 2,700 సీసాలు. భార్యాభర్తలిద్దరూ ఒక షెడ్డులో చేయగల పని. అంతే! ఒకటి, రెండు, ఐదు, పది... ఇప్పుడు ఆ చిన్న ఊళ్ళో పదిహేనుకి పైగా వైనరీలు. కొందరు పాత ద్రాక్ష రైతుల పిల్లలు. కొందరు టోక్యో ఉద్యోగాలు వదిలొచ్చినవాళ్ళు. సోగా దగ్గర పని నేర్చుకుని పక్క కొండ మీద సొంతంగా పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఆయన కూడా నేర్పి పంపిస్తాడు, దాచుకోడు. అప్పటిదాకా కిలోల్లో అమ్ముకున్న ద్రాక్షని సీసాల్లో అమ్ముకోవడం మొదలైంది. నాలుగు వేల లీటర్ల తేడా ఉన్న ఒక నిబంధన, అంతే కదా? ఎంతమంది రైతులు దానికోసం ఎన్నేళ్ళు ఆగి ఉంటారో ఆలోచించండి.

మన దగ్గరా అనాబ్-ఎ-షాహీ రైతులు పండించారు. మార్కెట్‌కి తోలారు. ఎకరం ధర కోటి దాటగానే తోటలు ప్లాట్లయ్యాయి. వాళ్ళ తప్పని నేననను. యోయిచిలో ఎకరం కోటి పలకదు, పలికితే ఏం చేసేవాళ్ళో చెప్పలేం.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. అమ్మాయిలు, అబ్బాయిలు జపాన్‌లో ఉన్నవాళ్ళు ఈ హాల్లోనే ముగ్గురున్నారు, నాకు తెలుసు. చిన్న వైనరీల్లో చాలావాటికి వచ్చినవాళ్ళని చూసుకునే మనుషులు లేరు, చేసేది ఇద్దరే కాబట్టి. చెప్పకుండా తోటలోకి వెళ్ళకండి, బూట్లకి అంటుకున్న మట్టితో తెగులు వస్తుందని వాళ్ళ భయం, ఆ భయం నిజం. సందర్శకులకి ఏర్పాట్లున్న వైనరీలు కొన్ని ఉన్నాయి, అవి చూసుకుని వెళ్ళండి. సెప్టెంబరు ప్రాంతంలో గ్లాసు పట్టుకుని తోట నుంచి తోటకి నడిచే పండగ ఒకటి చేస్తారు, దాని టికెట్లు తొందరగా అయిపోతాయి. అక్టోబరు అయితే ఆపిల్ కోత, ద్రాక్ష కోత రెండూ కనిపిస్తాయి. మేం అప్పుడే వెళ్ళాం. నొబోరి కొండ మీద నిలబడితే తీగ వరసల చివర సముద్రం, పక్కన షిరిపా కొండకొమ్ము. పిల్లలతో వెళితే అంతరిక్ష మ్యూజియం ఉంది. 1992లో అమెరికా షటిల్‌లో వెళ్ళిన మమోరు మోహ్రీ ఆ ఊరివాడే. ఊరి వెనక కొండ మీద తకెత్సురు, రీటాల సమాధి ఉంది. ఆవిడ 1961లో పోయారు, ఆయన 1979లో. రీటా పేరుతో పిల్లల బడి ఉంది, వీధి ఉంది. కర్కిన్‌టిలాక్ ప్రాంతంతో యోయిచికి 1988 నుంచి సోదర పట్టణ సంబంధం.

ఒతారు నుంచి రైల్లో వెళ్ళండి. వైన్ రుచి చూడాలనుకుంటే కారు ఎలాగూ పనికిరాదు. ఒతారు దాటాక కరెంటు లైను ఉండదు, డీజిలు పెట్టెలు. ఆ రైలుకి ఒక చిక్కుంది. సప్పోరో దాకా షింకన్‌సెన్, అంటే బుల్లెట్ రైలు, పొడిగిస్తున్నారు. అది వచ్చాక ఒషామాంబె నుంచి ఒతారు దాకా ఉన్న ఈ పాత లైను, దాదాపు 140 కిలోమీటర్లు, ఎత్తేసి బస్సులు వేయాలని 2022లో తేల్చారు. అందులో యోయిచి, ఒతారు మధ్య ముక్క మీద రోజుకి రెండు వేల మందికి పైగా వెళుతున్నారు. ఊరు చివరిదాకా వద్దంది, ఆఖరికి ఒప్పుకుంది. ఇప్పుడేమో బస్సులు నడపడానికి డ్రైవర్లు దొరకడం లేదంటున్నారు. షింకన్‌సెన్ పనీ ఆలస్యమవుతోంది కాబట్టి రైలు ఇంకొన్నేళ్ళు ఉండొచ్చు.

నాకిచ్చిన టైము అయిపోయింది, అధ్యక్షులవారు వాచీ చూస్తున్నారు. ఏటవాలు నాటు గురించి ఫొటోలు ఫోన్‌లో ఉన్నాయి, రైతులెవరైనా ఉంటే బయట చూపిస్తాను. ప్రశ్నలుంటే అడగండి. ముందు అక్క చెయ్యెత్తారు, ఆవిడతో మొదలుపెడదాం.